డిక్కీలో తాళం వేసిన పెట్టె: ఒక గంజాయి కేసు నడిచిన తీరు

తాళం వేసి ఉన్న పెట్టెను పోలీసులు వారంటు లేకుండా తెరవవచ్చా? ఈ ప్రశ్నతో నా దగ్గరకు వచ్చిన కేసు, చివరికి ఆ ప్రశ్నతో దాదాపు సంబంధం లేని చోట తేలింది. కిరాయి కారు డ్రైవర్ల తరఫున వాదించే కొత్త వకీళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. పేర్లు, ఊళ్లు, తేదీలు, కారు రకం తీసేశాను. గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. ముద్దాయిలు ఇద్దరు. ఒకరిని ప్రయాణికుడు అని, రెండోవారిని డ్రైవరు అని అంటాను. నా కక్షిదారు డ్రైవరు.

నేపథ్యం

డ్రైవరుది సొంత కారు. అప్పు మీద కొన్నది, పసుపు నంబరు ప్లేటు. ఒక ట్రావెల్స్ యజమాని ఫోను చేసి చెప్పిన కిరాయిలకు వెళుతుంటాడు. ఆ రోజు ఉత్తరాంధ్రలోని ఒక పట్టణం బస్టాండు దగ్గర ప్రయాణికుణ్ణి ఎక్కించుకున్నాడు. వెళ్లాల్సింది హైదరాబాదు. సామాను ఒక చేతిసంచి, ఒక ఇనుప ట్రంకు పెట్టె. పెట్టెకు తాళం. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని డిక్కీలో పెట్టారు. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒక టోల్‌ప్లాజా దాటాక రాత్రిపూట వాహనాల తనిఖీ జరుగుతోంది. కారు ఆపారు, డిక్కీ తెరిపించారు, పెట్టె తెరిచారు. అందులో గోధుమరంగు టేపు చుట్టిన గంజాయి పొట్లాలు. తూకం 20 కేజీల గీతకు కాస్త పైన.

ఆ గీత ప్రాముఖ్యం తెలియనివారికి ఒక మాట. ఎన్డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి 20 కేజీలు దాటితే అది వాణిజ్య పరిమాణం. శిక్ష కనీసం పదేళ్లు, గరిష్ఠం ఇరవై ఏళ్లు, కనీసం లక్ష రూపాయల జరిమానా. అంతకంటే ముందు తగిలే దెబ్బ బెయిలు. 37వ సెక్షన్ ప్రకారం, ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి సహేతుకమైన ఆధారాలు ఉన్నాయని, బయటికొస్తే మళ్లీ నేరం చేయడని కోర్టు సంతృప్తి చెందితేనే బెయిలు. మామూలు కేసుల్లో బెయిలు రావడం సహజం, ఇక్కడ రాకపోవడం సహజం.

వాళ్లు తెచ్చిన ప్రశ్న

డ్రైవరు భార్య, మామగారు వచ్చారు. వాళ్లకు అమెరికాలో ఉన్న బంధువు ఒకరు ఫోనులో ధైర్యం చెప్పాడట. మామగారు ఆ మాటే నా ముందు పెట్టారు: "తాళం వేసిన పెట్టెను వారంటు లేకుండా పగలగొట్టారండీ. ఆ ఒక్క మాట మీద కేసు కొట్టేస్తారట కదా?"

ఆ బంధువు పూర్తిగా ఊహించి చెప్పిన మాటేమీ కాదు. అమెరికాలో 1977లో చాడ్విక్ కేసు వచ్చింది. బోస్టన్‌లో రైలు దిగి కారు డిక్కీలోకి చేరిన తాళం వేసిన పెట్టెను ఫెడరల్ ఏజెంట్లు తమ ఆఫీసుకు తీసుకెళ్లి వారంటు లేకుండా తెరిచారు. అందులోనూ గంజాయే. వారంటు తీసుకోవాల్సిందేనని అక్కడి సుప్రీంకోర్టు అంది. కానీ అదే కోర్టు 1982లో రాస్ కేసులో, 1991లో ఎసెవెడో కేసులో ఆ గట్టును చాలావరకు తవ్వేసింది. కారులో నిషిద్ధ సరుకు ఉందనడానికి తగిన కారణం ఉంటే, అది దాగి ఉండగల పెట్టెలనూ సంచులనూ వారంటు లేకుండానే తెరవవచ్చు. 1999లో హ్యూటన్ కేసులో ప్రయాణికుల సంచులనూ అందులో కలిపేసింది. అంటే ఆ బంధువు చెప్పిన రక్షణ ఇప్పుడు ఆయన ఉంటున్న దేశంలోనే అంత గట్టిగా లేదు.

మన దగ్గర సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఎన్డీపీఎస్ చట్టం 49వ సెక్షన్ వాహనాల కోసమే రాసినది. మాదకద్రవ్యాల రవాణాకు వాడుతున్నారని అనుమానించడానికి కారణం ఉంటే, అధికారం ఉన్న అధికారి వాహనాన్ని ఎప్పుడైనా ఆపవచ్చు, వెతకవచ్చు, అందులోని ఏ సరుకునైనా పరిశీలించవచ్చు. తాళం వేసిన సరుకు, వేయని సరుకు అన్న తేడా ఆ సెక్షన్‌లో లేదు. 42వ సెక్షన్ అడ్డొచ్చిన తలుపులు పగలగొట్టే అధికారం కూడా ఇస్తుంది. పోనీ, తనిఖీలో తప్పు జరిగిందని నిరూపించామే అనుకుందాం. అంతమాత్రాన దొరికిన సరుకు సాక్ష్యంగా పనికిరాకుండా పోదని 1974లో పూరన్‌మల్ కేసులో మన సుప్రీంకోర్టు తేల్చింది. అమెరికాలో అక్రమ తనిఖీలో దొరికినదాన్ని పక్కన పెట్టే నియమం ఉంది. ఆ నియమాన్ని మన న్యాయస్థానాలు ఆ రూపంలో ఎప్పుడూ తీసుకోలేదు.

ఇదంతా ఆ పెద్దాయనకు ఇంత వివరంగా చెప్పలేదు. "తాళం పగలగొట్టడం తప్పు కాదండీ. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?" అని అడిగాను. ఆయనకు తెలియదు. జైలుకు వెళ్లి డ్రైవరును అడిగాను. పెట్టె తనది కాదని తప్ప అతనికీ ఏమీ తెలియదు.

ఆ రోజే ఇంకో విషయం తేల్చుకోవాల్సి వచ్చింది. ప్రయాణికుడి తరఫువాళ్లు ఇద్దరికీ ఒకే వకీలు ఉంటే ఖర్చు తగ్గుతుందని, నా ఫీజు మొత్తం తామే ఇస్తామని కబురు పెట్టారు. ఒప్పుకోలేదు. తాళం వేసిన పెట్టె, ఇద్దరు ముద్దాయిలు ఉన్న కేసులో ఒకరికి మేలు చేసే ప్రతి ప్రశ్నా రెండోవారి మెడకు చుట్టుకుంటుంది. ఇద్దరి తరఫునా నిలబడితే ఆ ప్రశ్నలేవీ అడగలేం. పైగా ప్రయాణికుడి డబ్బుతో డ్రైవరుకు వకీలును పెడితే, ఇద్దరూ కలిసే ఉన్నారనడానికి అదొక ఆధారంలా కనబడుతుంది.

పనిచేయని వాదనలు

నాకంటే ముందు ఈ కేసు చూసిన వకీలు ప్రత్యేక కోర్టులో వేసిన బెయిలు పిటిషను మొత్తం 50వ సెక్షన్ మీద నిలబడింది. ఒంటి మీద సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ఉందని ముద్దాయికి చెప్పాలి. బల్‌దేవ్ సింగ్ కేసు (1999), విజయ్‌సింహ్ జడేజా కేసు (2011) ఆ హక్కును చాలా గట్టిగా నిలబెట్టాయి. పోలీసుల కాగితాల్లో ఆ ప్రస్తావన మొక్కుబడిగా ఉంది, ఆ మాట నిజమే. కానీ సరుకు దొరికింది ఒంటి మీద కాదు. సంచి, పెట్టె వంటివి ఒంటిలో భాగం కావని 2005లో పవన్‌కుమార్ కేసులోనే చెప్పారు. మనిషినీ సంచినీ కలిపి సోదా చేసినా, సరుకు సంచిలో దొరికితే 50వ సెక్షన్ వర్తించదని 2023లో రంజన్‌కుమార్ చడ్డా కేసులో ఇంకోసారి స్పష్టం చేశారు. పిటిషను కొట్టేశారు. కొట్టేయడంలో ఆశ్చర్యం లేదు.

42వ సెక్షన్ వాదన అంత తీసిపారేయదగినది కాదు. ఎఫ్ఐఆర్‌లో ఇది మామూలు వాహన తనిఖీ అని రాశారు. స్టేషను జనరల్ డైరీ నకలు తెప్పించి చూస్తే, ఆ రాత్రి బృందం బయలుదేరేముందు "గంజాయి రవాణాపై సమాచారం" అన్న మాట ఉంది. ఆ సెక్షన్ ప్రకారం ముందస్తు సమాచారం ఉంటే దాన్ని రాతలో పెట్టాలి, 72 గంటల్లో పై అధికారికి పంపాలి. సూర్యాస్తమయం తర్వాత వారంటు లేకుండా సోదా చేస్తే కారణాలు రాయాలి. ఇవేవీ జరగలేదు. బహిరంగ స్థలంలో జరిగే సోదాకు వర్తించే 43వ సెక్షన్‌లో మాత్రం ఈ షరతులు లేవు. కాబట్టి వాదన మొత్తం ఒక్క ప్రశ్న మీద ఆడుతుంది: రోడ్డు మీద ఆపిన కారు 42 కిందికి వస్తుందా, 43 కిందికా?

సొంత వాడకానికి రిజిస్టరైన జీపు ప్రజా వాహనం కాదని 2016లో జగ్‌రాజ్ సింగ్ కేసులో అన్నారు. ప్రైవేటు వాహనానికి 42వ సెక్షనే వర్తిస్తుందని 2021లో బూటా సింగ్ కేసులో చెప్పి ముద్దాయిలను విడుదల చేశారు. ఇటు 2004లో జర్నైల్ సింగ్ కేసులో బహిరంగ రహదారి మీద ఆపిన ట్యాంకరుకు 43 చాలన్నారు. బూటా సింగ్ తీర్పు వచ్చిన ఏడాదిలోనే కల్లూ ఖాన్ కేసులో, రవాణాలో ఉన్న మోటారు సైకిలుకూ 43నే వర్తింపజేశారు. ఈ రెండు వరుసల మధ్య మా కారు ఎటు పడుతుందో తేల్చింది దాని నంబరు ప్లేటు. పసుపు ప్లేటు, కిరాయికి తిప్పే పర్మిటు, అంటే సొంత వాడకం వాహనం కాదు, 43 వైపే పడుతుంది. ప్రాసిక్యూటరు ఆ రెండు మాటలు చెప్పి కూర్చున్నారు. రికార్డులో ఉండాలని వాదన పూర్తిగా వినిపించాను గానీ, బెయిలు దశలో దాని మీద ఆశ పెట్టుకోలేదు. అది విచారణలో తేలాల్సిన విషయమని కోర్టు అంది.

మలుపు

సోదా జరిగిన చోటే సాక్షుల ఎదుట రాసే మధ్యవర్తుల నివేదికను మన దగ్గర చాలామంది వకీళ్లు మొదటి పేజీ, సంతకాల పేజీ చూసి మూసేస్తారు. ఆ నివేదికల్లో సగం మాటలు స్టేషనులో ముందే ఉన్న నమూనా నుంచి వచ్చేవే: "పోలీసులను చూసి పారిపోవడానికి ప్రయత్నించగా", "చాకచక్యంగా పట్టుకుని". నమూనాలో లేని మాటలు ఎక్కడ ఉన్నాయో చూడాలి, ఎందుకంటే అవి ఆ రాత్రి నిజంగా కళ్లముందు ఉన్నవాటిని చూసి రాసినవై ఉంటాయి.

ఇక్కడ అలాంటివి మూడు కనబడ్డాయి. మొదటిది ప్రయాణికుడి ఒంటి సోదాలో దొరికిన వస్తువుల జాబితా: పర్సు, సెల్‌ఫోను, కొంత నగదు, రెండు చిన్న తాళంచెవులు. రెండోది డ్రైవరు జాబితా: లైసెన్సు, సెల్‌ఫోను, నగదు, కారు తాళంచెవి. అంతే. మూడోది పెట్టె గురించి రాసిన వాక్యం: "పెట్టెకు ఉన్న తాళమును తొలగించి మూత తెరిచి చూడగా గంజాయి యొక్క ఘాటైన వాసన వచ్చినది."

తాళం ఎవరు తొలగించారో, ఎలా తొలగించారో ఆ వాక్యంలో లేదు. స్వాధీనం చేసుకున్న వస్తువుల్లో పెట్టె ఉంది, పొట్లాలు ఉన్నాయి, తాళం లేదు. 2024 జులై 1 నుంచి పాత సీఆర్పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలి. తీశారు. అది మొదలయ్యేసరికి మూత తెరిచే ఉంది. పక్కన రోడ్డు మీద కొంకి వంగిపోయిన తాళం కప్ప కనబడుతోంది.

ఇక్కడ వాదనలు రెండు దారుల్లో పోతాయి. రెండింటి మీదా ఒకేసారి నడవలేం. వాసన మూత తెరిచాకే వచ్చిందంటే, అంతకుముందు అనుమానించడానికి పోలీసుల దగ్గర ఏ కారణం ఉందని అడగవచ్చు. అది తనిఖీ అక్రమమన్న దారి. లేదా, మూత తెరిచేదాకా పోలీసులకే రాని వాసన ముందు సీట్లో కూర్చుని బండి నడుపుతున్నవాడికి ఎలా వస్తుందని అడగవచ్చు. అది డ్రైవరుకు తెలియదన్న దారి. మొదటి దారిలో గెలిచినా పూరన్‌మల్ అడ్డుంటుంది, పైగా ఆ గెలుపులో ప్రయాణికుడికీ సమాన వాటా. రెండో దారిలో గెలిస్తే డ్రైవరు ఒక్కడే బయటపడతాడు. నేను వకాల్తా వేసింది అతని కోసమే కాబట్టి రెండోది ఎంచుకున్నాను. తనిఖీ చట్టబద్ధమా కాదా అన్న చర్చలోకి ఆ తర్వాత దిగలేదు.

హైకోర్టులో వేసిన బెయిలు పిటిషనులో 42, 50 సెక్షన్ల ఊసే లేదు. ట్రావెల్స్ యజమాని ఫోను నుంచి వచ్చిన కాల్ వివరాలు, ట్రిప్ షీటు, ప్రయాణికుడు యూపీఐలో వేసిన అడ్వాన్సు, ఆ దూరానికి అక్కడ అందరూ తీసుకునే కిరాయి ఎంతో చూపే అదే ట్రావెల్స్ పాత బిల్లులు పెట్టాను. కిరాయి మామూలుగా ఉండటం చిన్న విషయంలా కనబడుతుంది గానీ కాదు. సంగతి తెలిసి గంజాయి మోసే డ్రైవరు మామూలు కిరాయికి మోయడు. వాటి పక్కన తాళంచెవుల జాబితా పెట్టాను. 37వ సెక్షన్ అడిగే సంతృప్తి డ్రైవరు విషయంలో కలుగుతోందని చెప్పి, షరతులతో బెయిలు ఇచ్చారు.

విచారణ

బెయిలు వచ్చినంత మాత్రాన నిర్దోషి అయిపోడు. 35వ సెక్షన్ ముద్దాయికి నేరపూరిత ఉద్దేశం ఉందని ముందే అనుకుంటుంది, లేదని నిస్సందేహంగా నిరూపించుకునే బరువు అతని మీదే పెడుతుంది. 54వ సెక్షన్ సరుకు ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లదే నేరమంటుంది. అయితే ఈ రెండూ రంగంలోకి రావాలంటే ముందు స్వాధీనం అనే పునాదిని ప్రాసిక్యూషనే వేయాలని 2008లో నూర్ ఆగా కేసులో చెప్పారు. కారు డ్రైవరు స్వాధీనంలో ఉంది, కాదనలేం. పెట్టె లోపలి భాగం ఉందా? నా పనంతా ఈ తేడా చుట్టూనే.

ఆ తాళం కప్పను కోర్టుకు తెప్పించమని పిటిషను వేద్దామా అని చాలా ఆలోచించాను. తాళంచెవి పట్టిందంటే కేసు అక్కడితో తేలిపోతుంది, ఆ ఆశ గట్టిగానే లాగుతుంది. వేయలేదు. అప్పుడు స్వాధీనం చేసుకోని తాళం ఇన్నాళ్లకు ఎక్కడి నుంచి వస్తుంది? ఏదో ఒక తాళం తెచ్చి పెట్టి, ప్రయాణికుడి చెవులు దానికి పట్టలేదని రాస్తే నా చేతిలో ఉన్నదీ పోతుంది. తాళాన్ని భద్రపరచకపోవడం దర్యాప్తు లోపం. ఆ లోపాన్ని సరిదిద్దే బాధ్యత ముద్దాయి వకీలుది కాదు.

ఎస్సైని క్రాస్ చేసింది చాలా తక్కువ. ప్రయాణికుడి దగ్గర రెండు చిన్న తాళంచెవులు దొరికాయా? దొరికాయి. వాటిని పెట్టె తాళానికి పెట్టి చూశారా? లేదు. డ్రైవరు దగ్గర కారు తాళంచెవి కాక ఇంకేమైనా దొరికిందా? లేదు. మూత తెరిచాక వాసన వచ్చిందని రాయించింది మీరేనా? నేనే. వీడియో మూత తెరిచాక మొదలైందా? అవును. ఎందుకు అని ఎక్కడా అడగలేదు. ఆ ప్రశ్న సాక్షికి కథ చెప్పుకునే వీలిస్తుంది. మధ్యవర్తులిద్దరూ సచివాలయ ఉద్యోగులు. వాళ్లనూ తాళంచెవుల గురించే అడిగాను. జాబితా తమ ఎదుటే రాశారని ఇద్దరూ చెప్పారు.

ఇబ్బంది పెట్టింది ప్రయాణికుడి వకీలు. పెట్టె డ్రైవరుదేనని, తాళంచెవులు పోలీసులు తర్వాత జాబితాలో చేర్చారని ఆయన సూచించారు. ఆయన పని ఆయన చేశారు. ఆ సూచన వినగానే కంగారుపడి ప్రయాణికుడే నేరం ఒప్పుకున్నాడని చూపబోవడం ఈ దశలో తరచూ కనబడే తొందరపాటు. పోలీసుల ఎదుట చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ చదివినా, 2020 నాటి తూఫాన్ సింగ్ తీర్పు చదివినా అదే చెబుతాయి. నేను దాని జోలికి పోలేదు. ఒంటి సోదా జాబితాకు, వీడియో చివర కనబడే అదే జాబితా కాగితానికి తేడా లేదని మాత్రం సాక్షితో చెప్పించాను. తర్వాత చేర్చారన్న మాట అక్కడ నిలవలేదు. శాంపిళ్లు మేజిస్ట్రేటు ఎదుట తీశారా లేదా అన్న 52ఏ చర్చనూ ఆయనకే వదిలేశాను.

డ్రైవరును సాక్షిగా బోనెక్కించాలా అన్నది చివరి నిర్ణయం. 35వ సెక్షన్ బరువు మన మీద ఉన్నప్పుడు కొంతైనా మన వైపు సాక్ష్యం ఉండాలి. కానీ ఈ మనిషి కంగారు మనిషి. పెట్టె బరువుగా లేదా, అడగాలనిపించలేదా అంటే ఏం చెబుతాడో నాకే నమ్మకం లేదు. ట్రావెల్స్ యజమానిని సాక్షిగా పెట్టాను. ప్రయాణికుల సామాను తెరిపించి చూసే పద్ధతి తమ దగ్గరే కాదు, ఎవరి దగ్గరా లేదని, తాళం వేసిన పెట్టె తెరవమంటే కిరాయి పోతుందని ఆయన తన మాటల్లో చెప్పాడు.

తీర్పులో డ్రైవరును విడుదల చేశారు. డిక్కీ మీద అదుపు వేరు, అందులోని పరాయి పెట్టె లోపలి సరుకు మీద ఎరుకతో కూడిన స్వాధీనం వేరు అని, రెండోదానికి ప్రాసిక్యూషన్ ఆధారం చూపలేదని రాశారు. ప్రయాణికుడికి శిక్ష పడింది.

ఈ కేసులాంటివి తీసుకునేవారికి

కక్షిదారులు తాళం పగలగొట్టారని కోపంతో వస్తారు. ఆ కోపం సహజమే గానీ దాన్ని పిటిషనుగా మార్చకూడదు. తాళం విషయంలో మనం వెతకాల్సినవి: తాళంచెవి ఎవరి ఒంటి మీద దొరికింది, తాళాన్ని స్వాధీనం చేసుకున్నారా, వీడియో ఏ క్షణంలో మొదలైంది, వాసన ఎప్పుడు వచ్చినట్టు రాశారు. ఒకే పెట్టె చుట్టూ ఇద్దరు ముద్దాయిలుంటే ఈ నాలుగూ ఒకరికి కవచం, ఇంకొకరికి కత్తి. అందుకే మొదటి రోజే ఎవరి పక్షమో తేల్చుకోవాలి.

టోల్‌ప్లాజా సీసీటీవీ, సామాను ఎక్కించిన చోటి కెమెరాల దృశ్యాలు భద్రపరచమని రిమాండు సమయంలోనే పిటిషను పెట్టాలి. అవి కొన్ని వారాల్లో చెరిగిపోతాయి. ఈ కేసు నా దగ్గరకు వచ్చేసరికి బస్టాండు దృశ్యాలు లేవు. పెట్టె ఆటోలో ప్రయాణికుడితో దిగిందని డ్రైవరు చెప్పిన మాట చివరిదాకా మాటగానే మిగిలింది.

కారు సంగతి వేరుగా చూసుకోవాలి. విచారణ నడుస్తుండగానే తాత్కాలికంగా విడిపించుకోవచ్చు. ఎన్డీపీఎస్ కేసుల్లో వాహనాల విడుదలకు చట్టం అడ్డు కాదని 2025 జనవరిలో బిశ్వజిత్ డే కేసులో సుప్రీంకోర్టు చెప్పాక ఆ పిటిషన్లు కాస్త తేలికయ్యాయి. విడుదల తీర్పు రాగానే కారు తనదైపోయిందని డ్రైవరు అనుకున్నాడు. 63వ సెక్షన్ ప్రకారం, ముద్దాయిని విడుదల చేసినా సరే, వాహనాన్ని జప్తు చేయాలా వద్దా అన్నది కోర్టు విడిగా తేల్చాలి. యజమాని తనకు తెలియకుండా వాడారని 60వ సెక్షన్ కింద చూపించుకోవాలి. అదే ట్రిప్ షీటు, అదే యూపీఐ చెల్లింపు, అవే తాళంచెవుల జాబితా మళ్లీ దాఖలు చేశాం. అప్పు వాయిదాలు అప్పటికి చాలా పేరుకుపోయాయి, ఫైనాన్సువాళ్లు కూడా ఆ పిటిషనులో చేరారు. కారు డ్రైవరుకే అప్పగించాలని ఉత్తర్వు వచ్చింది. అందులో మిగిలిన బాకీ చెల్లించే షరతు కూడా ఉంది.